ఆస్ట్రేలియా బేళ్ళు దిగిన ఏడాది

2023 అక్టోబరు. పల్నాడులో తొలి తీత పత్తి ఇంకా చేలల్లోనే ఉంది. సత్తెనపల్లికి దగ్గర్లోని ఒక స్పిన్నింగ్ మిల్లులో నేను ఫైబర్ ల్యాబ్ ఇన్‌చార్జిని. పత్తి కొనేముందు, కొన్న తర్వాత, వడకడానికి పంపేముందు దాన్ని పరీక్షించి ఏ బేలు, అంటే ఏ దూది కట్ట, ఏ నూలుకు పనికొస్తుందో చెప్పడం నా పని. టెక్స్‌టైల్ డిప్లొమా చేతికి రాగానే చేరిన ఉద్యోగం ఇది. ఇందులోనే నా జుట్టు నెరిసింది.

బయటివాళ్ళు పత్తిని చూసి తెల్లగా ఉంటే మంచిదంటారు. మాకు అంత తేలిగ్గా తేలదు. పోగు పొడవును స్టేపుల్ అంటాం. పోగు ఎంత సన్నంగా ఉంది, ఎంత ముదిరింది అనేది మైక్రోనేర్ చెబుతుంది. ఆకు ముక్కలు, గింజ తొక్కలు వంటి చెత్త ట్రాష్. వీటన్నిటినీ ల్యాబ్‌లోని యంత్రం కాసేపట్లో కొలిచిపెడుతుంది. దానికి చిక్కనిది కంటామినేషన్, అంటే పత్తిలో కలిసిపోయిన పరాయి పోగు. తల వెంట్రుక కావచ్చు, చీర అంచు దారం కావచ్చు, గోనె పీచు కావచ్చు. అన్నిటికంటే చెడ్డది ప్లాస్టిక్ గోతాం పోగు.

రైతు ఇంట్లో ఖాళీ యూరియా సంచులు ఉంటాయి. తీసిన పత్తిని వాటిలోనే కుక్కుతారు. సంచి పోగు ఒకటి ఊడి పత్తిలో పడుతుంది. జిన్నింగ్‌లో, అంటే గింజ నుంచి దూదిని వేరుచేసే దగ్గర, అది నలిగి చిన్నచిన్న ముక్కలవుతుంది. నూలులో కనపడదు. ఆ నూలు బట్టగా మారి రంగులో మునిగినప్పుడు బయటపడుతుంది. ప్లాస్టిక్ రంగు పీల్చుకోదు కదా, ముదురు రంగు బట్ట మీద అక్కడక్కడా తెల్లటి గీతలు తేలతాయి. అప్పటికి మా నూలు సముద్రం దాటి ఉంటుంది.

ఆ వేసవిలో మాకు సరిగ్గా అదే జరిగింది. పసిపిల్లల బట్టలు తయారుచేసే ఒక విదేశీ కంపెనీ మా నూలును తిప్పి పంపింది. దానితోపాటు ఫొటోలు వచ్చాయి. చిన్న గౌను, నేరేడుపండు రంగు, ఛాతీ మీద తెల్లటి గీత.

అప్పటికే మన దేశానికీ ఆస్ట్రేలియాకూ మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చి ఉంది. ఒకరి సరుకు మీద ఇంకొకరు వేసే దిగుమతి సుంకాన్ని తగ్గించుకోవడం, కొన్నిటి మీద పూర్తిగా తీసేయడం దాని సారాంశం. ఆస్ట్రేలియా పత్తికి ఏడాదికి ఇంత అని ఒక పరిమితి పెట్టి, ఆ లోపల వచ్చేదానికి సుంకం లేకుండా చేశారు. పేపర్లో ఆ వార్తల పక్కనే రెండు దేశాల యుద్ధనౌకలు కలిసి విన్యాసాలు చేస్తున్న ఫొటోలు కూడా చూసేదాన్ని. వ్యూహాత్మక భాగస్వామ్యం అని రాసేవారు. అది ఢిల్లీ వాళ్ళ వ్యవహారమని పేజీ తిప్పేసేదాన్ని.

అక్టోబరులో మా గోడౌన్ ముందు కంటైనరు ఆగింది. దిగిన బేళ్ళు మన బేళ్ళకంటే పెద్దవి. నూలు గుడ్డ తొడుగు శుభ్రంగా ఉంది. నమూనా తీసుకుని ల్యాబ్ బల్ల మీద పరిచాను. పక్కన ఎప్పటిలాగే ట్వీజర్లు పెట్టుకున్నాను. మన పత్తి అయితే పిడికెడు విప్పేసరికి ఏదో ఒకటి తగులుతుంది. ఇందులో ఎంతసేపు విప్పినా ఏమీ తగల్లేదు. ఆకు పొడి కాస్త ఉంది, అంతే. ట్వీజర్లు పక్కన పెట్టేసి కాసేపు ఆ దూదిని చూస్తూ కూర్చున్నాను. సంతోషించాలో బాధపడాలో అర్థం కాలేదు.

సాయంత్రం ఎండీ గారు పిలిపించారు. తండ్రి తర్వాత మిల్లు చేపట్టిన మనిషి. కోపం తొందరగా వస్తుంది, కానీ ఎవరినీ పనిలోంచి ఊరికే తీసేసే రకం కాదు.

"ఎక్స్‌పోర్ట్ నూలుకి ఇక ఇదే వాడదాం. మన పత్తి లోకల్ నూలుకి చాలు" అన్నారు.

"ఎప్పటినుంచి సార్?"

"ఈ సీజన్ నుంచే. ఆ ఊరివాళ్ళకి మీరే చెప్పండి. మీ మాటయితే వింటారు."

ఆ ఊరు అంటే సత్తెనపల్లికి అవతల, నల్లరేగడి మధ్యలో ఉండే ఒక పల్లె. పోగు పొడుగ్గా వచ్చే నేల. ఏళ్ళ తరబడి వాళ్ళ తొలి తీత పత్తి జిన్నింగ్ మిల్లు మీదుగా మా ఎక్స్‌పోర్ట్ లైనుకే వచ్చేది. మార్కెట్ ధర కంటే కాస్త ఎక్కువే పడేది వాళ్ళకు. ఆ కాస్త ఎక్కువ నమ్ముకునే అక్కడ చాలామంది కౌలు చేసేవాళ్ళు.

మర్నాడు వెళ్ళాను. పాల కేంద్రం అరుగు మీద రైతులు పోగయ్యారు. వాళ్ళలో ముందుండి మాట్లాడేది కోటేశ్వరరావు. నలభై దాటిన మనిషి, సొంత పొలం కొంచెం, కౌలుకు చాలా. నేను విషయం చెప్పడం మొదలుపెట్టగానే నలుగురూ ఒక్కసారి లేచారు.

"ఎవుడో దేశం కాని దేశమోడి పత్తి తెచ్చుకుంటారా? మాది ఏం చేసుకోమంటారు?"

"ఒరేయ్, ఆగండ్రా! ఆవిణ్ణి చెప్పనీయండి" అని కోటేశ్వరరావు అందర్నీ కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఈ ఒప్పందం ఎప్పుడు మొదలైంది మేడమ్?"

"పోయిన డిసెంబర్ ఆఖర్లో అమల్లోకి వచ్చింది."

"అంటే మీ మిల్లోళ్ళకి వేసవిలోనే తెలుసు, అట్టాంటి పత్తి తెప్పించుకోవచ్చని."

"తెలిసే ఉంటుందండీ."

"మేం విత్తనం పెట్టింది జులైలో. ఈ ముక్క జూన్‌లో చెప్పుంటే కౌలు చేలో సగం మొక్కజొన్న వేసుకునేవాణ్ణి గదండీ. కాయ పగిలినాక వచ్చి చెబుతుంటిరి. ఇప్పుడు నేనేం పీకి ఏం నాటేది?"

ఆ నిర్ణయం నాకు తెలిసింది ముందురోజు సాయంత్రమే. కానీ ఆ సంగతి చెబితే ఆయనకు ఒరిగేదేమీ లేదు.

అప్పుడే చేలోంచి ఆడవాళ్ళు తిరిగొస్తున్నారు. ఆగి విన్నారు. వాళ్ళ ముఠాకు మేస్త్రి నాగేంద్రమ్మ. ఎవరి చేనుకు ఎంతమంది, ఎప్పుడు వెళ్ళాలి, కూలి ఎంత అనేది మాట్లాడి కుదిర్చేది ఆవిడే. గట్టి గొంతు. కానీ ఆ రోజు తగ్గించి అడిగింది.

"వాళ్ళ పత్తిలో ఏం ఉండదా అమ్మా?"

"ఏమీ ఉండదు నాగేంద్రమ్మా. అక్కడ మిషన్లే తీస్తాయి."

"మా పత్తిలో ఏం ఉంటయ్యంట?"

చెప్పాను. వెంట్రుకలు, చీర దారాలు, గోతాం పోగులు. ఒకామె గభాల్న కొప్పు తడుముకుంది. ఇంకొకామె, "నా ఎంట్రుక ఇమానం ఎక్కి పోయిందా ఏంది!" అంది. ఒక్క క్షణం అందరూ నవ్వారు. కోటేశ్వరరావు కూడా. తాము చేసే పనిలో తప్పు పట్టారని ఆ ఆడవాళ్ళకు అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టింది.

నేను వెళ్ళింది కబురు చెప్పి రావడానికి. తీరా అక్కడ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఒక్కసారి శుభ్రంగా తీసి చూద్దామా? ఒక్క లాట్, ఒక్క విడత సరుకు. గోతాలు లేకుండా, జుట్టుకి గుడ్డ కట్టుకుని. నేను మా సార్‌ని అడుగుతాను."

నాగేంద్రమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "కిలోల లెక్కన తీసేటప్పుడు చెయ్యి పరిగెత్తుద్ది. చూసుకుంటా తియ్యాలంటే సాయంత్రానికి సగం కూడా కాదు. మరి మా కూలి?"

"రోజు కూలి ఇస్తా. నా చేలో తియ్యండి" అన్నాడు కోటేశ్వరరావు. పక్కనున్నవాళ్ళు పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. ఆయన పట్టించుకోలేదు. నాగేంద్రమ్మ తనవాళ్ళ వంక తిరిగి చూసి, సరేనంది.

ఎండీ గారితో గంటసేపు వాదించాను. చివరికి ఆయన, "ఒక్క లాట్. పోతే మళ్ళీ ఈ సంగతి ఎత్తొద్దు" అన్నారు. మిల్లు నుంచి రంగు వేయని నూలు గుడ్డతో సంచులు కుట్టించి ఇచ్చాం. తలకు కట్టుకోవడానికి అదే గుడ్డ ముక్కలు.

తీత రోజు నేనూ చేనుకు వెళ్ళాను. మంచు తడి ఆరేదాకా ఆగి అప్పుడు దిగారు. ఎప్పుడూ కబుర్లతో, పాటలతో సాగే పని ఆ రోజు నిశ్శబ్దంగా సాగింది. విచ్చిన కాయలోంచి దూదిని తీయడం, ఎండు రేక అంటుకుంటే గిల్లి పారేయడం, ఒళ్ళోకి వేసుకోవడం. అలవాటైన చేతిని పట్టి ఆపుకోవడం ఎంత కష్టమో వాళ్ళ మొహాల్లో కనిపించింది. మధ్యాహ్నం కోటేశ్వరరావు బావమరిది ట్రాక్టరులో యూరియా సంచులు వేసుకొచ్చాడు.

"ఒరేయ్, ఆ గోతాం చేలో దించావంటే కాళ్ళు ఇరగ్గొడతా!" అని ఈయన గట్టు మీంచి అరిచిన అరుపు పక్క ఊరికి వినపడి ఉంటుంది.

జిన్నింగ్ మిల్లులో కూడా నేనే నిలబడ్డాను. నేల ఊడ్పించి, బెల్టు మీద పాత పత్తి లేకుండా చేయించి, ఈ లాట్ ఒక్కటే ఆడించాం. తర్వాత ల్యాబ్‌లో నేనూ, నా ఇద్దరు సహాయకులూ కూర్చుని చేత్తో విప్పాం. ఒకచోట ఎర్ర దారం ముక్క కనిపించింది. ఎవరిదో చీర అంచుది. ప్లాస్టిక్ పోగు మాత్రం ఒక్కటి కూడా దొరకలేదు. ఆ పత్తితో నూలు తీసి, గుడ్డ అల్లించి, ముదురు రంగు వేయించాం. ఎండీ గారు ఆ గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు.

"అంతా ఇది కుదరదు. బయటి పత్తికి ఇప్పటికే మాటిచ్చాం. ఎక్స్‌పోర్ట్ లైన్‌లో కొంత భాగం దీంతో నడుపుదాం. రెండో తీత కూడా ఇలాగే తీయమనండి" అన్నారు.

నేను ఫోన్ చేసి చెబితే కోటేశ్వరరావు రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "నాగేంద్రమ్మకి కూడా మీరే చెప్పండి మేడమ్, నేను చెబితే ఎగతాళి అనుకుంటది" అన్నాడు.

రెండో తీత రాలేదు.

డిసెంబర్ మొదట్లో బాపట్ల తీరాన తుఫాను దాటింది. సముద్రానికి దూరంగా ఉన్నామనుకున్న మా వైపు కూడా ఎడతెరిపి లేకుండా కురిసింది. మిరప చేలు పడుకున్నాయి. విచ్చిన పత్తి కాయల్లోకి నీళ్ళు దిగి దూది నల్లబడింది. వాన వెలిశాక నేను వెళ్ళి చూస్తే, చెట్టు మీదున్న కాయలోనే గింజ మొలకెత్తి ఉంది. కోటేశ్వరరావు చేను గట్టున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ పత్తికి ఏ పరీక్షా అక్కర్లేదు.

సంక్రాంతి దాటాక మిల్లుకు అతిథులు వస్తున్నారని కబురొచ్చింది. ఒప్పందంలో భాగంగా ఆస్ట్రేలియా పత్తి రైతులు కొందరు, వ్యాపారం చూసేవాళ్ళు కొందరు, వెంట మన అధికారులు. మిల్లు చూపించడం, జిన్నింగ్ చూపించడం, భోజనం. చేలకు తీసుకెళ్ళే ఆలోచన లేదు. "ఆ నల్లబడ్డ చేలు చూపించి ఏం చేస్తాం?" అన్నారు ఎండీ గారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పరువున్న మనిషి ఎవరైనా అంతే అనుకుంటారు.

వాళ్ళు ల్యాబ్‌కు వచ్చినప్పుడు కాలిన్ అనే రైతు నా బల్ల దగ్గర ఆగాడు. అరవై ఏళ్ళుంటాయి. ఎండకు కమిలిన మెడ, వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు. బల్ల మీద మా లాట్ నమూనా ఉంది. కొంచెం దూదిని రెండు చేతులతో పట్టి లాగి, పోగుల పొడవు చూశాడు. ఆ పట్టుకోవడంలోనే తెలిసిపోయింది, పని తెలిసినవాడని.

"ఇది ఏ యంత్రంతో తీశారు?" అని అడిగాడు.

"చేత్తో" అన్నాను.

నమ్మలేనట్టు నా వంక చూశాడు. "తీసినవాళ్ళను చూడొచ్చా?"

అధికారి ఎండీ గారి వంక చూశాడు. ఎండీ గారు నా వంక చూశారు. చివరికి ఒక కారు పంపడానికి ఒప్పుకున్నారు. అధికారి ఒకాయన మాతో వచ్చాడు. మాటలు అటూ ఇటూ చేర్చే పని నా మీద పడింది.

కోటేశ్వరరావు చేలో ఒకవైపు మోళ్ళు పీకుతున్నారు. ఇంకోవైపు నాగేంద్రమ్మ ముఠా మిగిలిన నల్ల పత్తిని తీస్తోంది. అది ఏ పరుపుల్లోకో పోవాల్సిందే, అయినా తీస్తున్నారు. మేం దిగగానే పని ఆపి గట్టు మీదికొచ్చారు.

కోటేశ్వరరావు ముందుగా అడిగింది, నీకు ఎంత పొలం ఉందని. కాలిన్ చెప్పాడు. నేను ఎకరాల్లోకి మార్చి చెప్పాను. కోటేశ్వరరావు నన్ను పక్కకు పిలిచి, "సరిగ్గా అడిగారా మేడమ్? ఆయన చెప్పేది మా ఊరి పొలమంతా కలిపినా రాదు" అన్నాడు. మళ్ళీ అడిగాను. అదే జవాబు.

"మరి అంత పొలమున్నోడికి మాతో ఏం పని?"

కాలిన్ దాచుకోకుండా చెప్పాడు. వాళ్ళ ప్రాంతంలో వరసగా కొన్నేళ్ళు వానల్లేక నది ఎండిపోయిందట. నీళ్ళు లేక విత్తనమే వేయలేదట. మళ్ళీ నీళ్ళొచ్చి పంట చేతికొచ్చేసరికి, ఎన్నాళ్ళ నుంచో వాళ్ళ పత్తి కొంటున్న పెద్ద దేశం రెండు ప్రభుత్వాల మధ్య మాటలు చెడి కొనడం ఆపేసిందట. "నేను ఎవరితోనూ గొడవ పడలేదు. నా పత్తిలో ఏ లోపమూ లేదు. అయినా నా బేళ్ళు గోడౌన్‌లో ఉండిపోయాయి. అప్పుడు మీ దేశంతో ఒప్పందం కుదిరింది. మా ఇంట్లో ఆ రోజు పండగలా ఉంది" అన్నాడు.

నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యాక కోటేశ్వరరావు తల ఊపాడు. "కొనేవోడు ఆగిపోతే ఎట్టా ఉంటదో నాకు తెలుసు. ఆయన పత్తి కొనేవోడు ఆగిపోతే ఆయనకి మా దేశం దొరికింది. మరి నా పత్తి కొనేవోడు ఆగిపోతే నేను ఏ దేశం పోవాలో అడగండి."

అధికారి నా చెవి దగ్గర, "అది వదిలేయండి మేడమ్" అన్నాడు. వదల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. కోపంగా అన్నమాట కాదది, అలా వినపడకూడదని జాగ్రత్తగా చెప్పాను.

"నాకు తెలియదు" అన్నాడు కాలిన్.

అప్పటిదాకా ఊరుకున్న నాగేంద్రమ్మ ముందుకొచ్చింది. "ఆయన్ని ఒక మాట అడుగమ్మా. అక్కడ పత్తి మిషన్ తీస్తదని చెప్పావుగా. మిషన్ రాకముందు తీసినోళ్ళు ఇప్పుడేం చేస్తన్నారంట?"

అడిగాను. కాలిన్ తల అడ్డంగా ఊపాడు. తమవైపు మొదటినుంచీ యంత్రాలే తీశాయని, చేత్తో తీసినవాళ్ళు లేరని చెప్పాడు. తర్వాత తనే మళ్ళీ మొదలుపెట్టాడు.

"తీసేవాళ్ళు లేరు గానీ, కలుపు కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. మా నాన్న ఉన్నప్పుడు, నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు, వేసవిలో బస్సుల్లో వచ్చేవాళ్ళు. చేతిలో పార, తెల్లవారకముందే చేలో ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది మాకంటే ముందునుంచీ ఆ నేల మీద ఉన్న జనం. తర్వాత కలుపు మందుకు తట్టుకునే విత్తనం వచ్చింది. ఇక వాళ్ళతో పని లేకపోయింది."

"ముందే చెప్పారా వాళ్ళకి?" అని అడిగింది నాగేంద్రమ్మ.

నేను ఇంగ్లిషులోకి మార్చాను. ఆయన నేల చూపులు చూశాడు.

"చెప్పలేదు. ఆ ఏడాది పిలవలేదు, అంతే."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఇద్దరు ముగ్గురు మా టౌన్‌లోనే ఉన్నారు. కనబడితే పలకరించుకుంటాం. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు."

నేను తెలుగులో చెబుతుంటే ఆడవాళ్ళంతా విన్నారు. ఎవరూ తిట్టలేదు. నాగేంద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నిజం చెప్పాడు. ఆ మాట ఆయనకి చెప్పమ్మా" అంది.

చెప్పాను. కాలిన్ ఆవిడ వంక చూశాడు. వంగి, మోడు మీదున్న నల్ల కాయను తుంచి విప్పాడు. లోపల మొలకెత్తిన గింజ. "మాకూ ఒకసారి కోతకు ముందు ఇలాగే వాన పడింది. చూడలేక నేను ఆ చేలోకే వెళ్ళలేదు. మీరు ఇంకా తీస్తున్నారు" అన్నాడు. ఆ మాట కూడా తెలుగులో చెప్పాను. నాగేంద్రమ్మ మామూలుగా, "తీయకపోతే మోళ్ళు పీకేదెట్టా?" అని మళ్ళీ చేలోకి దిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అధికారి, "మీరు అవన్నీ చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. మళ్ళీ తనే, కాసేపటికి, "మా నాన్నది కూడా పత్తి సేద్యమేలెండి" అన్నాడు.

ఆ తర్వాత ఏమైందంటే, పెద్దగా మారిందేమీ లేదు. మా ఎక్స్‌పోర్ట్ నూలు ఎక్కువ భాగం ఇప్పటికీ ఆస్ట్రేలియా పత్తితోనే నడుస్తోంది. నూలు మళ్ళీ వెనక్కి రాలేదు. ఆ నూలు మీద మా మిల్లులో ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయి, దాన్ని కాదనలేను. కొంత భాగం నాగేంద్రమ్మ ముఠా శుభ్రంగా తీసిన పత్తితో నడుస్తోంది. ఆ పత్తి తీసే రోజుల్లో వాళ్ళకు రోజు కూలే ఇవ్వాలని జిన్నింగ్ మిల్లుతో కూడా మాట్లాడుకున్నాం. ముఠా మాత్రం సగమైంది. మిగతా ఆడవాళ్ళు గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతున్నారు. ఘాటుకు కళ్ళు మండినా అక్కడ పని ఎక్కువ రోజులు దొరుకుతుందంటారు.

కోటేశ్వరరావుకు కౌలు చేను పోయింది. తుఫాను ఏడాది దెబ్బకు నిలదొక్కుకోలేకపోయాడు. ఆ చేను ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. సొంత చెక్కలో మాత్రం పత్తి మానలేదు. ఒక్క లాట్ గెలిచినందుకు ఆయన బాగుపడ్డాడని రాయగలిగితే బాగుండేది.

ఈ వ్యవహారం తర్వాత నేను ఎండీ గారిని ఒకటే అడిగాను. రాబోయే సీజన్‌లో ఎక్స్‌పోర్ట్ లైనుకు ఎంత బయటి పత్తి, ఎంత మన పత్తి అన్నది విత్తనం పెట్టకముందే రైతులకు చెప్పాలని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ముందే చెబితే తర్వాత మాట మార్చే వీలుండదు కదమ్మా" అన్నారు.

"అందుకే సార్" అన్నాను.

రెండు రోజుల తర్వాత ఆయనే పిలిచి, "జూన్‌లో వెళ్ళి చెప్పిరండి" అన్నారు.

అప్పటినుంచి ఏటా జూన్‌లో ఆ ఊళ్ళు తిరుగుతున్నాను. నా ఉద్యోగంలో ఇది లేని పని. ల్యాబ్‌లో ఉన్నన్నాళ్ళూ పత్తి మంచిచెడ్డలు చెబితే నా బాధ్యత తీరిందనుకున్నాను. యంత్రం చెప్పే అంకెలు పత్తి గురించే. మేం ఎక్కడో సంతకం పెడితే ఎవరి చేనులో ఏం మారుతుందో ఆ అంకెల్లో ఉండదు. రెండు దేశాలు కలిసి నడవడం మంచిదే. కాలిన్ ఇంట్లో పండగ జరిగినందుకు నాకు బాధేమీ లేదు. కానీ సముద్రానికి అటూ ఇటూ ఆ సంతకాల వల్ల పని తగ్గే మనుషులు ఉంటారు. వాళ్ళకు ఆ కబురు ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, వాళ్ళు ఇంకో దారి చూసుకునేందుకు టైం ఉండగానే చెప్పాలి. మంచి కబురు మోసుకెళ్ళడానికి చాలామంది ఉంటారు. చెడ్డ కబురు ముందుగా చెప్పడం కూడా మర్యాదేనని నేను ఆ ఊళ్ళో నేర్చుకున్నాను.

మొన్న జూన్‌లో వెళ్ళినప్పుడు చెప్పింది చెడ్డ కబురే. ఈసారి ఇంకొంచెం తగ్గించి కొంటామని. ఒకాయన విసుక్కుని లేచి వెళ్ళిపోయాడు. ఇద్దరు అక్కడికక్కడే మొక్కజొన్న గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కోటేశ్వరరావు ఆటోకు ఆనుకుని నిలబడి అంతా విన్నాడు.

"మరి పైఏడు సంగతేంది మేడమ్?"

"తెలియదండీ. తెలిసిన రోజున వచ్చి చెబుతాను."

"సరే అయితే, ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి పోదురు గానీ రండి" అని ఇంటివైపు దారితీశాడు.